అంకణం వంటగదికి కొత్త అమరిక: మాడ్యులర్ మాట కంటే ముందు వచ్చే లెక్కలు

నెల్లూరులో స్థలం మాట వస్తే గజం, సెంటు కంటే ముందు అంకణం వస్తుంది. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది చదరపు గజాలు. తిరుపతి వైపు అదే మాటకు 36 చదరపు అడుగులే, అది వేరే గొడవ. ఎనిమిది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల పొడవు ఉన్న వంటగది సరిగ్గా ఒక అంకణం. ఇరవై, ముప్పై ఏళ్ల కిందట కట్టిన మామూలు ఇళ్లలో వంటకు దక్కిన చోటు అటూ ఇటూగా ఇంతే. అప్పట్లో అందులో ఒక పొయ్యి, ఒక సింకు, గోడకు నాలుగు కడప బండ అరలు ఉండేవి. ఇప్పుడు ఫ్రిజ్జు, మిక్సీ, గ్రైండరు, మైక్రోవేవ్, నీటి శుద్ధి యంత్రం, ఇరవై లీటర్ల క్యాను అన్నీ అక్కడికే వచ్చి చేరాయి. గది మాత్రం పెరగలేదు.

వంటగది మార్చుకుందామని అనుకోగానే నాలుగు వైపుల నుంచి నాలుగు రకాల మాటలు వినబడతాయి. షోరూము వారు తలుపుల రంగులు, లోపలి బుట్టలు చూపిస్తారు. మేస్త్రీ గట్టు పగలగొట్టాలా వద్దా అంటాడు. సిద్ధాంతి ఆగ్నేయం దగ్గర మొదలుపెడతాడు. ఎలక్ట్రీషియన్ పాయింట్లు ఎన్నని అడుగుతాడు. ఎవరి లెక్కలో వారు చెప్పేది నిజమే. కానీ నలుగురూ జవాబిస్తున్నది నాలుగు వేర్వేరు ప్రశ్నలకు. వంట చేసే మనిషి ఎంత నడవాలి, ఎంత వంగాలి, ఎంత వేడి భరించాలి అన్నది ఎవరి పనీ కాకుండా మిగిలిపోతుంది. ఖర్చు ఎక్కువగా తలుపుల మీద పడి, కష్టం పాతదే ఉండిపోవడానికి కారణం ఇదే.

ఒకే పేరుతో చెలామణీ అవుతున్న మూడు పనులు

"వంటగది మార్పించాం" అన్న మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. మొదటిది పైపై మార్పు: టైల్స్, రంగు, అరలకు తలుపులు. ఏ వస్తువూ చోటు మారదు. రెండోది అమరిక మార్పు: సింకు, పొయ్యి, ఫ్రిజ్జు ఉండే చోట్లు మారతాయి, వాటితో పాటు నీటి గొట్టాలు, కరెంటు తీగలు కూడా. మూడోది నిర్మాణ మార్పు: గోడ తీయడం, కిటికీ పెంచడం, తలుపు జరపడం.

మాడ్యులర్ అనేది ఈ మూడింటిలో ఏదీ కాదు. నిర్ణీత కొలతల్లో ఫ్యాక్టరీలో తయారైన పెట్టెలను తెచ్చి ఇంట్లో బిగించే పద్ధతి పేరు అది. చెడ్డ అమరిక మీద కూడా చక్కగా మాడ్యులర్ చేయించుకోవచ్చు, చాలామంది చేయించుకుంటున్నారు కూడా. "సెమీ మాడ్యులర్" అని వినబడేది మన మేస్త్రీల పాత పద్ధతికే కొత్త పేరు: ఇటుక గోడో కడప బండో నిలబెట్టి, పైన గ్రానైట్ పరచి, ముందు తలుపులు బిగించడం.

నిర్మాణ మార్పులో ఒక్క విషయం తేలికగా తీసుకోకూడనిది. స్తంభాలు, దూలాల మీద నిలబడిన ఇంట్లో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ బరువు మోయదు; దాన్ని తీయవచ్చు. పాత ఇళ్లలో తొమ్మిది అంగుళాల గోడలే స్లాబును మోస్తుంటాయి. బయటికి రెండూ ఒకేలా సున్నం పూసుకుని కనిపిస్తాయి. ఏది ఏదో ఇంజినీరు చూసి చెప్పాలి.

అంకణం సరిపోతుందా?

జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం వంటగదికి కనీసం 5 చదరపు మీటర్లు ఉండాలి, వెడల్పు 1.8 మీటర్లకు తగ్గకూడదు. అంటే సుమారు 54 చదరపు అడుగులు, ముప్పావు అంకణం. సామాను గది విడిగా ఉంటే 4.5 చదరపు మీటర్లు చాలు. భోజనం కూడా అక్కడే అయితే 7.5 చదరపు మీటర్లు కావాలి. కాబట్టి అంకణం వంటగది నిబంధన ప్రకారం చిన్నదేమీ కాదు.

ఇంకో ముచ్చట. వంటగది అమరికను మొదటిసారి శాస్త్రీయంగా ఆలోచించిన నమూనాల్లో ప్రసిద్ధమైనది 1926లో వాస్తుశిల్పి మార్గరెటె షుట్టె లిహోట్స్కీ గీసిన ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్. దాని కొలతలు సుమారు 1.9 మీటర్లు, 3.4 మీటర్లు. లెక్కవేస్తే 70 చదరపు అడుగులు, అంటే దాదాపు మన అంకణమే!

మరి ఇరుకు ఎక్కడి నుంచి వస్తోంది? ఎనిమిది, తొమ్మిది అడుగుల గదిని తీసుకుని, రెండడుగుల లోతు గట్టుతో మూడు అమరికలు వేసి చూద్దాం.

ఎల్ ఆకారంలో ఒక పొడవు గోడకూ ఒక అడ్డ గోడకూ గట్టు వేస్తే 30 చదరపు అడుగులు పోతాయి. నిలబడి పనిచేయగల అంచు 13 అడుగులు వస్తుంది. ఎదురెదురుగా రెండు పొడవు గోడలకు వేస్తే 36 చదరపు అడుగులు పోతాయి, పని అంచు 18 అడుగులు, నడుమ దారి నాలుగడుగులు. యు ఆకారంలో మూడు గోడలకూ వేస్తే 44 చదరపు అడుగులు పోతాయి. పని అంచు ఎంత? అడ్డంగా నాలుగు, ఇరువైపులా ఏడేసి: మళ్లీ 18 అడుగులే. అదనంగా ఇచ్చిన ఎనిమిది చదరపు అడుగులు రెండు మూలల్లో, చెయ్యి అందని చీకట్లో ఉండిపోతాయి.

పైగా మన వంటగదులకు రెండు తలుపులు ఉంటాయి, ఒకటి హాల్లోకి, ఒకటి పెరట్లోకి. మూడు గోడలూ మూసేసే యు ఆకారం పెరటి తలుపును మింగేస్తుంది. ఎదురెదురు గట్లకు ఆ ఇబ్బంది లేదు, కాకపోతే అందరూ వంటగది మధ్య నుంచే పెరట్లోకి వెళుతూ వస్తూ ఉంటారు. అమెరికాలోని వంటగది రూపకర్తల సంఘం మార్గదర్శకాల్లో ఒక్కరు వండే చోట దారి 42 అంగుళాలు, ఇద్దరు వండే చోట 48 అంగుళాలు ఉండాలని ఉంది. అంకణంలో ఎదురెదురు గట్ల మధ్య మిగిలేది సరిగ్గా 48. గది వెడల్పు ఏడడుగులే అయితే మిగిలేది మూడడుగులు. అత్తాకోడళ్లు ఒకరి వెనుక ఒకరు పక్కకు తిరిగి నడవాల్సిందే.

త్రిభుజం అనే సూత్రం, దానికి మన వంట అడిగే ప్రశ్నలు

అమరిక గురించి చదివితే ముందుగా ఎదురయ్యేది "వర్క్ ట్రయాంగిల్". 1940లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న సూత్రమిది. పొయ్యి, సింకు, ఫ్రిజ్జు మూడు బిందువులు. ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు, మూడూ కలిపి 13 నుంచి 26 అడుగులు ఉండాలంటుంది. మరీ దగ్గరైతే గట్టు మీద చోటుండదు, మరీ దూరమైతే నడక పెరుగుతుంది.

దూరం విలువ ఎంతో ఒక ఊహా లెక్క చెబుతుంది. ఫ్రిజ్జు హాల్లో, పొయ్యికి 12 అడుగుల దూరంలో ఉందనుకుందాం. పూటకు 12 సార్లు వెళ్లి వస్తే 288 అడుగులు. రెండు పూటలు, ముప్పై రోజులు: 17,280 అడుగులు, అంటే ఐదు కిలోమీటర్ల పైమాట. అదే ఫ్రిజ్జు ఐదడుగుల దూరంలోకి వస్తే నెలకు 2.2 కిలోమీటర్లు దాటదు. ఒక్క వస్తువు జరిపితే మూడు కిలోమీటర్లు తగ్గాయి.

అయితే ఈ సూత్రం ఒక్కరే వండే ఇంటి కోసం, ఫ్రిజ్జు నుంచి తీసి పొయ్యి మీద పెట్టే వంట కోసం పుట్టింది. నెల్లూరు చేపల పులుసు చేసే రోజు గమనిస్తే తేడా తెలుస్తుంది. చేపలు కడగడం పెరట్లో కుళాయి దగ్గర. చింతపండు నానేది గట్టు మీద ఒక మూల. మామిడికాయ ముక్కలు కోసేది మరో చోట. మసాలా మిక్సీ దగ్గర. వెడల్పాటి చట్టి పొయ్యి మీద. ఆ రోజంతా ఫ్రిజ్జు తలుపు ఒకటి రెండుసార్లు తెరిస్తే గొప్ప. ఇడ్లీ పిండి రుబ్బే రోజైతే గ్రైండరు, సింకు, బియ్యం డబ్బా ఈ మూడే త్రిభుజం.

అందుకే కొందరు రూపకర్తలు త్రిభుజాన్ని వదిలి, పనులవారీగా చోట్లు విడదీస్తారు: సామాను నిల్వ, కడుగు, తరుగు, రుబ్బు, వంట, వడ్డన. ఈ పద్ధతిలో ఒక్కో పనికి కావలసినవి ఆ పని చేసే చోటే ఉంటాయి. పోపుల డబ్బా పొయ్యి పక్కన, చాకులు సింకుకూ పొయ్యికీ మధ్య, పళ్లాలు హాలు తలుపు వైపు. ఇద్దరు ముగ్గురు కలిసి వండే ఇంటికి ఇది నప్పుతుంది. దీనికీ చిక్కుంది: ఇన్ని చోట్లు విడిగా అమరాలంటే గట్టు పొడవు కావాలి. అంకణంలో ఆరు చోట్లు పట్టవు. కడుగు పనిలో సగాన్ని పెరట్లోని యుటిలిటీ గట్టుకు పంపితేనే లోపల ఊపిరాడుతుంది. చేపలు తినే ఇంట్లో ఆ బయటి సింకు విలాసం కాదని నా అభిప్రాయం.

ఇక పొయ్యి సంగతి. నాలుగు బర్నర్ల పొయ్యి మీద నాలుగు వెడల్పు గిన్నెలు ఒకేసారి పట్టవు. పులుసు చట్టి ఒకటి ఎక్కిందంటే పక్క బర్నరు మీదికి దాని అంచు వస్తుంది. బర్నర్ల సంఖ్య కంటే వాటి మధ్య ఎడం ముఖ్యం, అమ్మేవారు చెప్పేది మాత్రం సంఖ్యే.

గట్టు ఎత్తు: నడుము నొప్పి మొదలయ్యే అంగుళాలు

వంటగదిలో మనిషి శరీరాన్ని నేరుగా తాకే కొలత ఇదొక్కటే. దీని మీద చర్చ జరిగేదీ తక్కువే. మేస్త్రీకి చేతి అలవాటుగా ఒక ఎత్తు ఉంటుంది, అదే పడుతుంది.

నిలబడినప్పుడు మోచేయి ఎత్తు మనిషి ఎత్తులో సుమారు 63 శాతం. కూరగాయలు తరగడానికి గట్టు మోచేతికంటే పది సెంటీమీటర్లు, అంటే నాలుగంగుళాలు కిందుగా ఉంటే భుజాలు సులువుగా ఆడతాయి. ఐదడుగుల మనిషిని, అంటే 152 సెంటీమీటర్లను తీసుకుంటే మోచేయి 96 దగ్గర వస్తుంది. పది తీసేస్తే 86 సెంటీమీటర్లు, 34 అంగుళాలు. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి అదే లెక్క 36 అంగుళాలకు తేలుతుంది.

ఇక్కడితో ఆగితే తప్పవుతుంది. గట్టు మీద పొయ్యి, పొయ్యి మీద కుక్కరు ఉంటాయి కదా. 34 అంగుళాల గట్టు మీద నాలుగంగుళాల పొయ్యి, దాని మీద ఎనిమిది అంగుళాల గిన్నె పెడితే గిన్నె అంచు 46 అంగుళాల దగ్గర, ఐదడుగుల మనిషికి దాదాపు భుజం దగ్గరికి వస్తుంది. ముద్దపప్పు ఎనపాలన్నా, పులిహోర కలపాలన్నా చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. అందుకే పొయ్యి ఉండే భాగాన్ని నాలుగంగుళాలు కిందికి దించి కట్టే పద్ధతి వచ్చింది. దీనికి ఎదురు వాదన కూడా ఉంది: గట్టు ఒకే మట్టంలో లేకపోతే బరువైన గిన్నెను పక్కకు జరపలేం, ఎత్తి దించాలి, అంచు దగ్గర మురికి పేరుకుంటుంది. పొయ్యిని గ్రానైట్‌లోకి దించే హాబ్ ఈ రెండింటికీ మధ్యేమార్గం, కాకపోతే పాడైతే బాగుచేయించడం మామూలు పొయ్యి అంత తేలిక కాదు.

సింకుది సరిగ్గా తలకిందుల సమస్య. గట్టు 34 అంగుళాలైనా మనం పనిచేసేది సింకు అడుగున, ఎనిమిది అంగుళాల లోతులో. గిన్నెలు తోమేటప్పుడు నడుము వంగేది అందుకే. లోతు ఎక్కువైతే నీళ్లు చిందవు, నడుము వంగుతుంది. తక్కువైతే నడుము నిలుస్తుంది, నీళ్లు చీరమీద పడతాయి.

మా ఇంట్లో జరిగిన పొరపాటు ఒకటి చెప్పాలి. పాత నేల తీయకుండా దాని మీదే కొత్త టైల్స్ వేయించాం. సిమెంటుతో కలిపి నేల దాదాపు రెండంగుళాలు లేచింది, గట్టు మాత్రం పాతదే. ఎవరూ గమనించలేదు. నెల తర్వాత మా అమ్మ "గట్టు కుంగిందా ఏమిట్రా" అని అడిగింది.

నీళ్లు: సింకు ఎంత దూరం జరగగలదు?

మంచినీటి గొట్టం ఎటైనా వంగి వస్తుంది, లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి. వాడిన నీరు అలా కాదు, వాలు ఉంటేనే పారుతుంది. సింకు నీటి గొట్టానికి 40కి 1 వాలు ఇచ్చారనుకుందాం. సింకును పదడుగులు జరిపితే 120 అంగుళాలకు మూడంగుళాల వాలు కావాలి. గొట్టం మందం రెండంగుళాలు కలిపితే ఐదు, పైన కప్పుకు ఇంకొంత. సొంత ఇంట్లో కింది అంతస్తు అయితే నేల తవ్వి కలుపుకోవచ్చు. అపార్టుమెంటులో కింద ఇంకొకరి స్లాబు ఉంటుంది. నేల ఎత్తాలి, లేదా గట్టు కింద గోడ వెంబడి గొట్టం తీసుకెళ్లాలి. "సింకు అక్కడికి మారదండీ" అని ప్లంబరు అంటే అది బద్ధకం కాకపోవచ్చు, ఈ ఐదంగుళాల లెక్క కావచ్చు.

నీటి స్వభావం కూడా అమరికను మారుస్తుంది. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు, కనిగిరి పరిసరాల్లో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య ఎప్పటి నుంచో ఉంది. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గితే మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. అందుకే ఇంట్లో ఆర్వో యంత్రమో, బయటి నుంచి క్యానో తప్పనిసరి అవుతుంది. రెండింటికీ వంటగది నక్షాలో చోటు చూపించరు. నిండిన క్యాను బరువు ఇరవై కిలోలు. దాన్ని గట్టు మీదికి ఎత్తడం ఎవరి వల్ల అవుతుంది? మోకాలి ఎత్తులో, హాలు తలుపుకు దగ్గరగా చిన్న తిన్నె ఉంటే తెచ్చినవాడే అక్కడ పెట్టి వెళతాడు. ఆర్వో అయితే వదిలేసే నీటికి ఒక గొట్టం కావాలి. అది పెరటి వైపు పోయేలా ఉంటే నేల తుడవడానికైనా పనికొస్తుంది.

ఉప్పునీళ్ల బోరు ఉన్న ఇళ్లలో కుళాయిలకూ సింకుకూ తెల్లటి గార కడుతుంది. అది సింకు లోపం కాదు, నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాల పని. నల్ల గ్రానైట్ మీద మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

గాలి, గ్యాస్, మే నెల వేడి

జాతీయ భవన నిర్మాణ స్మృతి ఉక్కపోత ప్రాంతాల్లో కిటికీల వైశాల్యం గదిలో ఆరో వంతు ఉండాలంటుంది, వంటగదికి దాని మీద ఇంకో 25 శాతం. తలుపులు ఈ లెక్కలోకి రావు. అంకణానికి ఆరో వంతు 12, పాతిక శాతం కలిపితే 15 చదరపు అడుగులు. అంటే ఐదడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు కిటికీ. మన వంటగదుల్లో మూడడుగుల చదరపు కిటికీ ఉంటే తొమ్మిదే. మార్పుల పేరిట జరిగే విచిత్రం ఏమిటంటే, గోడకు పై అరలు నిండుగా రావాలని ఉన్న కిటికీని కూడా సగం మూసేసి, ఆ లోటు తీర్చడానికి చిమ్నీ కొంటారు.

చిమ్నీ పెట్టె మీద గంటకు 1,200 ఘనపు మీటర్లు అన్నట్టు అంకె ఉంటుంది. అంకణం గది పదడుగుల ఎత్తుతో 720 ఘనపు అడుగులు, అంటే సుమారు 20 ఘనపు మీటర్లు. గంటకు పది పదిహేనుసార్లు గాలి మారాలనుకున్నా 200 నుంచి 300 చాలు. మరి అంత పెద్ద అంకె ఎందుకు? గొట్టం పొడవు, దాని వంపులు, జిడ్డు పట్టిన జాలీ లాగుడును తగ్గించేస్తాయి. అందుకే పొయ్యి బయటి గోడకు ఉండి, గొట్టం వంపు లేకుండా బయటికి పోయే అమరికలో చిన్న చిమ్నీ కూడా బాగా పనిచేస్తుంది. హాలు మీదుగా తిప్పి తీసుకెళ్లినచోట పెద్దదీ మొరాయిస్తుంది. ఇంకొకటి: బయటికి పోయినంత గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి. తలుపులు, కిటికీలు బిగించి చిమ్నీ వేస్తే అది అరవడమే తప్ప లాగదు. గొట్టం లేని చిమ్నీలు వాసనను కొంత వడగట్టి అదే గాలిని గదిలోకి వదులుతాయి. వేడి ఎక్కడికీ పోదు. వడగాడ్పుల రోజుల్లో ఆ తేడా ఒంటికి తెలుస్తుంది.

సిలిండరు విషయంలో అందం, భద్రత నేరుగా ఢీకొంటాయి. ఎల్పీజీ గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. తలుపులు బిగించిన అరలో సిలిండరు పెడితే ఆ గ్యాస్ అక్కడే నిలుస్తుంది. అందుకే ఆ అరకు అడుగున గాలి సందులు ఉండాలంటారు. రబ్బరు గొట్టం పొడవు 1.5 మీటర్లు దాటకూడదు, ఐదేళ్లకు మార్చాలి, గోడలోంచి పోకూడదు. పొయ్యిని దూరం జరిపి గొట్టాన్ని సాగదీసే అమరిక ఇక్కడే తప్పుతుంది. పైపు ద్వారా వచ్చే సహజ వాయువు మాత్రం గాలి కంటే తేలిక, పైకి పోతుంది. దానికి సందులు పైన కావాలి. సిలిండరు నుంచి పైపు గ్యాసుకు మారేవారు గమనించని తేడా ఇది. ఎల్పీజీ లీకైతే పిలవాల్సిన నంబరు 1906.

వాస్తు చెప్పేదీ, అమరిక చెప్పేదీ ఎక్కడ కలుస్తాయి?

ఆగ్నేయంలో పొయ్యి, తూర్పు ముఖంగా వంట, ఈశాన్యంలో నీళ్లు, నిప్పూ నీరూ పక్కపక్కన ఉండకూడదు. వాస్తు పేరుతో వంటగదికి వినబడే ముఖ్యమైన మాటలివి. నమ్మేవారికి ఇది చర్చించే విషయం కాదు, నమ్మనివారికి అడ్డంకి. మధ్యలో ఉన్నవారికి ఒక లెక్క ఆసక్తి కలిగించవచ్చు. అంకణం గదిలో తూర్పు గోడ తొమ్మిది అడుగులైతే, దాని రెండు చివర్లలో పొయ్యి, సింకు పెడితే వాటి మధ్య ఐదారు అడుగుల ఎడం వస్తుంది. త్రిభుజ సూత్రం అడిగే దూరం కూడా అంతే. నడుమ మిగిలిన గట్టు తరుగుడుకు సరిపోతుంది.

వాతావరణం దృష్ట్యా చూస్తే ఫలితం మిశ్రమంగా ఉంటుంది. తూర్పు వైపు వంటగదికి ఉదయం వెలుతురు వస్తుంది, మధ్యాహ్నపు పడమటి ఎండ తగలదు. కానీ మనకు సముద్రం తూర్పున ఉంది. మధ్యాహ్నం దాటాక అటు నుంచి వచ్చే గాలి ఆగ్నేయపు వంటగదిలోంచి తాలింపు ఘాటును ఇంట్లోకి తోస్తుంది. పడమటి గాలి వీచే నెలల్లో అదే వంటగది పొగ బయటికి పోతుంది.

అసలు పేచీ వచ్చేది కట్టి ఉన్న ఫ్లాటులో. వంటగది వాయవ్యంలో ఉంటే చాలామంది సిద్ధాంతులు దాన్ని రెండో ఎంపికగా ఒప్పుకుంటారు. గదిని మార్చలేనప్పుడు గదిలోపలి ఆగ్నేయ మూలకు పొయ్యిని మార్చమంటారు. ఆ మూలకు బయటి గోడ ఉందా, గ్యాస్ గొట్టం అందుతుందా, గాలి మంటను ఆర్పదా అన్నవి పక్కనే చూడాల్సిన ప్రశ్నలు.

చెక్క, బండ, రాయి, స్టీలు

నల్ల గ్రానైట్‌లో బంగారు చుక్కలు మెరిసే "గెలాక్సీ" రాయి ప్రకాశం జిల్లా చీమకుర్తిది. దేశదేశాలకు ఎగుమతయ్యే ఈ రాయి భూగర్భ శాస్త్రం లెక్కలో గ్రానైట్ కానే కాదు, గాబ్రో జాతి అగ్నిశిల. ఆ మెరుపులు బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులవి. వేడి గిన్నె నేరుగా పెట్టినా దీనికి ఏమీ కాదు. తెల్లగా మెరిసే క్వార్ట్జ్ పలకల్లో రాతి పొడిని అతికించేది రెసిన్. వేడి బాణలి పెడితే మచ్చ పడుతుంది. పసుపు మరక విషయంలోనూ నలుపుదే పైచేయి.

గట్టు కింద ఏముండాలన్నది పెద్ద తగవు. బండలు, ఇటుకల పక్షం వారు చెదలు పట్టవు, నీళ్లు కారినా ఉబ్బవు, పాతికేళ్లు ఉంటాయి అంటారు. నిజమే. చెక్క పెట్టెల పక్షం వారు బండ అర లోతులో ఉన్న డబ్బా తీయాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి, సొరుగు అయితే లాగితే చాలు, మూడంగుళాల ఇటుక గోడ తినేసే చోటు కూడా మిగులుతుంది అంటారు. అదీ నిజమే. తేల్చేది నీళ్లు. సింకు కింద బండ, పొయ్యి పక్కన సొరుగులు అన్న మిశ్రమ పద్ధతి మన తీరప్రాంతానికి నప్పుతుందని నాకనిపిస్తుంది. కార్తెల వానల్లో, తుపాను రోజుల్లో గదిలో తేమ వారాల తరబడి ఉంటుంది. ఉదయగిరి చెక్క గరిటెలు కూడా ఆ రోజుల్లో మూసిన సొరుగులో పెడితే బూజు పడతాయి, గోడకు వేలాడదీస్తేనే బాగుంటాయి.

ప్లైవుడ్ కొనేటప్పుడు వినబడే "వాటర్ ప్రూఫ్" అన్న మాటకు విడిగా అర్థం లేదు. పలక మీద ఐఎస్ (భారతీయ ప్రమాణం) 710 ముద్ర ఉంటే నీటిని బాగా తట్టుకునే మెరైన్ రకం, ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునేది) అని ఉంటే దాని తర్వాతి రకం, ఎంఆర్ అని ఉంటే తేమను మాత్రమే తట్టుకునేది. పలక ఎంత మంచిదైనా కోసిన అంచులు మూయకపోతే నీరు అక్కడి నుంచే ఎక్కుతుంది. సింకు స్టీలులో 304, 202 అని రెండు రకాలు తగులుతాయి. 304లో నికెల్ సుమారు 8 శాతం. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, ఉప్పునీటికి తుప్పు మచ్చలు త్వరగా వస్తాయి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అన్న పరీక్ష ఇక్కడ పనిచేయదు, రెండింటికీ అది సరిగా అంటదు.

ఎస్టిమేటులో దాగే అడుగులు

ఒకరు చదరపు అడుగుకు చెబుతారు, ఒకరు రన్నింగ్ అడుగుకు, అంటే గోడ వెంట పొడవులో ఒక్కో అడుగుకు. రెండూ ఎలా తేడా వస్తాయో ఊహా ధరలతో చూద్దాం. గోడ పొడవు పది అడుగులు. కింది అరల ఎత్తు 2.75 అడుగులు, పై అరలది రెండడుగులు, అటక అరలది రెండడుగులు. ముఖం వైశాల్యం 27.5, 20, 20 కలిపి 67.5 చదరపు అడుగులు. అడుగుకు రూ.1,500 అయితే రూ.1,01,250. ఇంకొకరు రన్నింగ్ అడుగుకు రూ.8,000 అన్నారు, పది అడుగులకు రూ.80,000, చౌకగా కనిపిస్తుంది. ఆ ధరలో అటక లేదని తర్వాత తెలిసి రూ.30,000 కలిపితే మొత్తం రూ.1,10,000.

ఎల్ ఆకారంలో ఇంకో మెలిక. గోడల వెంట కొలిస్తే తొమ్మిది, ఎనిమిది కలిపి 17 అడుగులు. మూలలో రెండడుగులు రెండుసార్లు లెక్కకొచ్చాయి. నిజంగా ఉన్నది 15. పై ధర ప్రకారం ఆ మూల ఖరీదు రూ.16,000. గ్రానైట్, సింకు, కుళాయి, పొయ్యి, చిమ్నీ, పాత గట్టు పగలగొట్టి చెత్త ఎత్తిపోయడం సాధారణంగా ఈ అంకెల్లో ఉండవు.

కరెంటుది చిన్న లెక్క, కానీ టైల్స్ వేశాక గుర్తొస్తే పెద్ద ఖర్చు. ఇండక్షన్ పొయ్యి 2,000 వాట్లు, మైక్రోవేవ్ 1,400, కెటిల్ 1,500, మిక్సీ 750. నాలుగూ ఒకేసారి తిరిగితే 5,650 వాట్లు, 230 వోల్టుల దగ్గర దాదాపు 25 ఆంపియర్లు. పాత వంటగదిలో ఉన్నది ఒకే ఒక్క 16 ఆంపియర్ల పాయింటు, దానికి గుచ్చిన మల్టీప్లగ్గు. కొత్త తీగలు విడివిడిగా గోడలోకి వెళ్లేది గట్టు పగిలిన రోజునే, అదే రోజు నీటి గొట్టాలు కూడా.

పని జరిగే వారాల్లో వంట ఎక్కడ?

పగలగొట్టడం, గొట్టాలు, తీగలు, టైల్స్, గ్రానైట్, ఆ తర్వాత చెక్క పని. ఈ వరుస తిరగబడదు, ఒక్కో దశ ఆరడానికి సమయం పడుతుంది. కాబట్టి కొన్ని వారాలు వంట వరండాలోకో పెరటి పంచలోకో మారుతుంది. ఒక చెక్క బల్ల, రెండు బర్నర్ల పొయ్యి, ఒక బకెట్టు, పోపుల డబ్బా, కుక్కరు, రెండు గిన్నెలు, ఒక చట్టి. అటక మీద నుంచి దించి అట్టపెట్టెల్లో సర్దిన ఇత్తడి బిందెలు, పెళ్లినాటి డిన్నర్ సెట్టు, మూడు తరాల జాడీలు పడకగదిలో గోడ వారగా పేర్చి ఉంటాయి. వాటిలో ఆవకాయ జాడీ తప్ప మిగతావి తెరవకుండానే పని పూర్తయిన ఇళ్లున్నాయి. వడ్రంగి అరలు ఎన్ని కావాలని అడిగేది మాత్రం దానికి నెల ముందు.